బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకి ప్రింటరా, గ్రే ఇంకు ఉందో లేదో చూడండి ముందు

ఇంట్లోనే నలుపు తెలుపు ఫోటోలు ప్రింట్ తీసుకుందాం అనుకునేవాళ్ళకి చెప్తున్నా, డీపీఐ ఎంత, వైఫై ఉందా, నిమిషానికి ఎన్ని పేజీలు వస్తాయి అవన్నీ తర్వాత, ప్రింటర్ ఇంకు ట్యాంకుల్లో గ్రే ఇంకు ఉందా లేదా అది అడగండి. ఇన్నాళ్ళు వాడాక నాకు నిజంగా తేడా కనిపించింది ఆ ఒక్క దాని దగ్గరే.

మాది పర్లాకిమిడి. మా మావయ్య దగ్గర నౌపడా లైను చిన్న రైలు నెగటివులు ఒక డబ్బా నిండా ఉన్నాయి. 1900లో నౌపడా నుంచి మా ఊరికి వేసిన, పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాల వెడల్పున్న లైను అది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, ఇప్పుడంతా బ్రాడ్‌గేజ్ అయిపోయింది కాబట్టి ఆ ఇంజన్లని చూడాలంటే ఇవే దిక్కు. అవి స్కాన్ చేసి మొదట్లో మామూలు నాలుగు రంగుల ట్యాంక్ ప్రింటర్‌లో తీసేవాణ్ణి. ఆధార్ కాపీలకి, పిల్లల ప్రాజెక్టులకి దానికి వంక పెట్టక్కర్లేదు, కానీ ఫోటో పేపర్ పెడితే కథ మారిపోయేది. ఆ రకం మెషీన్లు చాలావాటిలో నల్ల ఇంకు మామూలు కాగితం కోసం పెట్టిన పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగు పొడి కలిపింది), గ్లాసీ పేపర్ మీద దాన్ని అసలు వాడదు, మిగతా మూడు రంగులూ కలిపే నలుపూ బూడిదా తయారుచేస్తుంది, అందులో ఒక రంగు కొంచెం ఎక్కువైనా ఫోటో మొత్తం ఆ ఛాయలోకి వెళ్ళిపోతుంది. ట్యూబ్‌లైట్ కింద బానే ఉన్నది వీధరుగు మీదకి తెస్తే ఇంకో రంగు. మావయ్య ఒకటే అన్నాడు, "ఏట్రా ఇది, బొగ్గు పొగ పాచి నీళ్ళలాగ పచ్చగుందేటి?"

గ్రే ఇంకు ఉన్న ఆరు ట్యాంకులది తెచ్చాక మొదట తీసింది అదే ఫోటో. ఇంజన్ గొట్టం దగ్గర పొగ కటిక నలుపు, పైకి పోయేకొద్దీ పలచబడుతూ దాని వెనక కొండ ఆనవాలు కనిపిస్తూ, ఎక్కడ ఆకాశంలో కలిసిపోయిందో వేలు పెట్టి చూపించలేం. చక్రాలని కలిపే కడ్డీ మీద నూనె మెరుపు కూడా వచ్చింది, అది నెగటివ్‌లో ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ రోజు ఎంత సంతోషం వేసిందో.

ఒక జాగ్రత్త, ఆరు రంగులు అని రాసుంటే గ్రే ఉన్నట్టు కాదు. ఎప్సన్ ఎల్8050లో అదనంగా ఉండేవి లేత సయాన్ (నీలం), లేత మెజెంటా (గులాబీ), అవి రంగుల ఫోటోల కోసం. కానన్ జీ570లో ఎరుపూ గ్రే ఉంటాయి. ఎప్సన్ ఎల్8180లోనూ గ్రే ఉంది, ఏ3 ప్లస్ సైజు, అంటే మామూలు ఏ4 కాగితానికి రెట్టింపుకన్నా పెద్దది కూడా తీస్తుంది, కానీ ధర బాగా పైన.

ఇక వానాకాలం సంగతి. ప్రింట్ సగంలో ఉండగా కరెంటు పోయింది, ఇంకు చిమ్మే హెడ్ మధ్యలోనే ఆగిపోయింది, మూత పడే మూలకి వెళ్ళలేదు. కరెంటు మర్నాడు గానీ రాలేదు, అప్పటికి ఇంకు ఎండిపోయింది. తర్వాత ఏది తీసినా పొగలో అడ్డ చారలు, ఆకాశం గులాబీ ఛాయ. నాజిల్ చెక్, అంటే హెడ్ రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసే గీతల షీటు తీస్తే అన్నీ ఉన్నట్టే కనిపించింది, ఎందుకంటే గ్రే గీతలు మరీ లేతగా ఉంటాయి, కిటికీ దగ్గర కాగితం వాలుగా పట్టుకుంటే అప్పుడు తెలిసింది సగం గీతలు లేవని. అలాంటప్పుడు హెడ్ క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టకండి, ప్రతిసారీ ఇంకంతా వేస్ట్ ట్యాంకులోకి పోతుంది. నేను ఒకసారి కొట్టి రాత్రంతా వదిలేశా, పొద్దున్న మళ్ళీ కొట్టి ఒక షీటు నిండా ఉత్త బూడిద రంగు ప్రింట్ చేశా, అప్పుడు దారికొచ్చింది. ఇప్పుడు ఇన్వర్టర్ లైను మీద పెట్టా, బోర్డు స్విచ్ కట్టేయకుండా ప్రింటర్ బటన్‌తోనే ఆపుతా, అలాగైతే హెడ్ వెనక్కెళ్ళి మూత కింద కూర్చుంటుంది. పని లేకపోయినా వారానికోసారి చిన్న గ్రే పట్టీ తీస్తా.

గ్రే ఉంటే చాలు అన్నట్టు మాట్లాడా గానీ పేపర్ మారితే ఛాయ కూడా కొంచెం మారుతోంది, బజారులో దొరికే చవక గ్లాసీ మీద కాస్త వెచ్చగా వస్తుంది. పైగా ఇది డై ఇంకు, అంటే నీళ్ళలో కరిగిన రంగు, ఎండకి వెలిసిపోతుంది, అద్దం లేకుండా వసారా గోడకి అంటించిన ఫోటో ఎండాకాలం అయ్యేసరికి గోధుమ రంగుకి తిరిగింది, లోపల గదిలో ఫ్రేములో ఉన్నవి మాత్రం బాగానే ఉన్నాయి. అందుకే పోయినవాళ్ళ ఫోటో పెద్దది చేసిపెట్టమని చుట్టాలు అడిగితే నేను తీయను, ల్యాబ్‌కి పంపమంటా. గ్రే బాటిల్ మా బజార్లో దొరకదు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి, నావన్నీ నలుపు తెలుపే కాబట్టి అన్నిటికన్నా అదే ముందు ఖాళీ అవుతుంది, ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటా.

నాకంటే డబ్బా నిండా నెగటివులున్నాయి, ఇన్వర్టర్ ఉంది, పెట్టిన డబ్బుకి బాధ లేదు. పాస్‌పోర్ట్ ఫోటోలు, స్కూలు కాగితాలు ఎక్కువగా తీసేవాళ్ళకి నాలుగు రంగులదే మేలు అనిపిస్తుంది. ఏది కొన్నా, రంగులేని ఫోటో ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి షాపులో గ్లాసీ పేపర్ మీద తీయించి, బయటికొచ్చి ఎండలో చూశాకే డబ్బు కట్టండి.