మూడు ఎండాకాలాలు వాడిన థర్మల్ గింబల్

కర్నూలు చుట్టుపక్కల సోలార్ ప్లాంట్ల మీద డ్రోన్ ఎగరేసి, పాడైన ప్యానెళ్లను పట్టుకోవడం నా పని. ఓర్వకల్లు దగ్గరి గని-శకునాల పార్కు ఒక్కటే వెయ్యి మెగావాట్లు. డ్రోన్ కింద త్రీ యాక్సిస్ గింబల్ (డ్రోన్ ఎటు ఊగినా కెమెరాను మూడు దిశల్లో కదలకుండా నిలిపే మోటార్ల చట్రం), అందులో వేడిని బొమ్మగా చూపే 640×512 పిక్సెళ్ల థర్మల్ కెమెరా. కొని ఇది మూడో ఎండాకాలం.

కొనేటప్పుడు బాగా సతాయించింది ఫ్రేమ్ రేటు. 9 హెర్ట్జ్ (అంటే సెకనుకు 9 ఫ్రేములు) తీసుకోవాలా, 30 తీసుకోవాలా? ధర ఒక్కటే కాదు, కాగితాల గొడవ కూడా ఉంది. ఎగుమతుల మీద నిఘా పెట్టే వాసెనార్ ఒప్పందం జాబితాలో థర్మల్ కెమెరాలున్నాయి. 9 హెర్ట్జ్ దాటని వాటికి అందులో మినహాయింపు ఉంది. చాలా కంపెనీలు ఒకే కెమెరాను రెండు రకాలుగా అమ్మేది అందుకే. మన దేశం 2017 డిసెంబరులో ఆ ఒప్పందంలో చేరింది. విదేశీ వాణిజ్యాన్ని చూసే ప్రభుత్వ విభాగం డీజీఎఫ్‌టీ వారి స్కోమెట్ జాబితాలో (ఎగుమతికి అనుమతి కావాల్సిన వస్తువుల జాబితా) ఎనిమిదో కేటగిరీ దాన్నే అనుసరిస్తుంది. కాబట్టి 30 హెర్ట్జ్‌ది కొంటే, రిపేరుకు బయటి దేశం పంపాలన్నా అనుమతి కావాలేమో ముందే చూసుకోవాలి.

నేను లెక్క వేసుకుని 9 తీసుకున్నాను. ప్యానెల్‌లోని ఒక్కో సెల్ (చిన్న గడి) మీద కనీసం 5×5 పిక్సెళ్లు పడాలి, అంటే పిక్సెల్‌కు సుమారు 3 సెంటీమీటర్లు. అప్పుడు ఒక ఫ్రేములో 19 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు పడుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతే రెండు ఫ్రేముల మధ్య డ్రోన్ కదిలేది 33 సెంటీమీటర్లే. ఒక్క ప్యానెల్ కూడా తప్పిపోదు. రాత్రిపూట కదిలే మనుషుల్ని వెతికే పనైతే మాత్రం 30 కావాల్సిందే. 9లో బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

గింబల్ విలువ తెలిసేది మిట్టమధ్యాహ్నమే. ఎండ చదరపు మీటరుకు 600 వాట్లకు తగ్గితే లోపాలు సరిగ్గా బయటపడవు, కాబట్టి మంచి ఎండలోనే ఎగరేయాలి. కానీ ఆ ఎండే ప్యానెల్ అద్దం మీద మెరిసి హాట్‌స్పాట్‌లా (లోపం వల్ల వేడెక్కిన చోటులా) కనిపిస్తుంది. మొదటి నెలలో అలాంటివి రిపోర్టులో రాసి ప్లాంటు ఇంజనీరు చేత మాట పడ్డాను. ఇప్పుడు అనుమానం వస్తే గింబల్ కోణం కొంచెం మార్చి, డ్రోన్‌ను పక్కకు జరుపుతాను. మెరుపైతే మచ్చ కూడా జరుగుతుంది. అసలైన లోపం ఆ సెల్ మీదే ఉంటుంది.

ఇక చెడ్డవి. మే నెల ఎండకు డ్రోన్ అదురు గింబల్‌కు తగలకుండా ఆపే డ్యాంపర్ రబ్బర్లు గట్టిపడి బొమ్మ జెల్లీలా వణికింది. అవి చవకే, ఇప్పుడు ఏటా మార్చేస్తాను. ఒకసారి గింబల్ కదలకుండా పట్టి ఉంచే లాక్ తీయకుండా ఆన్ చేశాను, మోటార్ ఓవర్‌లోడ్ అని వెంటనే ఆగిపోయింది. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు.

రెండో ఏడాది లోపలి రిబ్బన్ కేబుల్ తెగింది. ఇక్కడ మార్చేవాళ్లు లేక విదేశానికి పంపాల్సి వచ్చింది. ఏజెంటు షిప్పింగ్ బిల్లులో సీరియల్ నంబర్ రాయలేదు. వెనక్కి వచ్చింది అదే వస్తువని కస్టమ్స్‌కు రుజువు చేసేసరికి మూడు వారాలు, బోలెడు టెన్షన్. అదే వస్తువని తేలితే సుంకం రిపేరు ఖర్చు, రానూపోనూ రవాణా, ఇన్సూరెన్స్ మీదే పడుతుంది. తేలకపోతే పూర్తి విలువ మీద కట్టాలి. పంపే ముందు సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటోలు తీసి, బిల్లులో ఆ నంబరు మీ కళ్లతో చూశాకే పెట్టె మూయండి.