పాత బుల్లెట్టు క్లచ్చు, గేరు మరమ్మతు: ఇంట్లో మేలా, షెడ్డులో మేలా?

కుడికాలితో గేర్లు మార్చే పాత బుల్లెట్టు ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తప్పదు. సిగ్నలు దగ్గర ఎంత వెతికినా న్యూట్రల్ దొరకదు, క్లచ్చు పూర్తిగా పట్టుకున్నా బండి ముందుకు లాగుతూనే ఉంటుంది, రెండో గేరు నుంచి మూడో గేరుకు వేస్తే మధ్యలో ఎక్కడో ఆగిపోయి ఇంజను ఖాళీగా అరుస్తుంది. అప్పుడు యజమాని ముందు మూడు దారులు ఉంటాయి. తానే ఇంట్లో విప్పుకోవచ్చు, షెడ్డుకు పంపవచ్చు, లేదా ఈ నాలుగు గేర్ల పెట్టెనే తీసేయించి తర్వాతి మోడళ్లలో వచ్చిన ఎడమకాలి అయిదు గేర్ల పెట్టెను పెట్టించుకోవచ్చు. మా ఇంట్లో ఉన్నది 1987 నాటి నాన్నగారి బండి. మొదటి రెండు దారులూ నేను నడిచినవే, మూడోది చాలాకాలం ఆలోచించి మానుకున్నది.

ఇంటి మరమ్మతు ఈ బండికి సాధ్యమే అని చెప్పడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా ఈ బండిని ఇంగ్లండు నమూనా ప్రకారమే దశాబ్దాల పాటు తయారుచేసింది. అందులో గేర్‌బాక్స్ ఇంజనులో భాగం కాదు, ఇంజను వెనక బోల్టులతో బిగించిన వేరే పెట్టె. ఎడమవైపు మూత కింద ఇంజను బలాన్ని క్లచ్చుకు అందించే ప్రైమరీ చైనూ, క్లచ్చూ ఉంటాయి. ఇంజనుకూ, క్లచ్చు వైపుకూ, గేర్‌బాక్స్‌కూ మూడింటికీ ఆయిలు వేర్వేరు. ఇంజనూ గేర్లూ ఒకే కేసులో ఉండే బళ్లలో గేర్ల దాకా వెళ్లాలంటే ఇంజనునే రెండుగా విడదీయాల్సి వస్తుంది. ఇక్కడ మాత్రం ఇంజను జోలికి పోకుండానే ఎడమవైపు క్లచ్చునూ, కుడివైపు గేరు మార్చే భాగాన్నీ చూసుకోవచ్చు.

అయితే ఏ దారి మేలో తేల్చుకునే ముందు జబ్బు ఎక్కడుందో తెలియాలి. ఇంజను ఆపేసి, బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క గేరే వేసి చూడండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు అన్ని గేర్లూ హాయిగా పడి, స్టార్టు చేశాక మాత్రమే కటకటమంటూ మొరాయిస్తుంటే తప్పు గేర్‌బాక్స్‌ది కాదు, పూర్తిగా విడవని క్లచ్చుది. ఇంజను ఆగి ఉన్నా గేరుకూ గేరుకూ మధ్య జారిపోతుంటే కాలితో నొక్కిన ప్రతిసారీ ఒక్కొక్క గేరే మార్చే రాచెట్ అనే భాగం సర్దుబాటు తప్పిందని అనుమానించాలి. గేరు సరిగానే పడి, బరువు లాగేటప్పుడు దానంతట అదే బయటికి వచ్చేస్తుంటే అప్పుడు లోపలి గేరు పళ్లో, గేర్లను పక్కకు జరిపే ఫోర్కులో, షాఫ్టులు తిరిగే బుష్షులో అరిగాయని అర్థం. ఈ మూడింటిలో మొదటి రెండూ ఇంట్లో చేయదగినవి, మూడోది కాదు.

ఈ తేడా తెలియకపోవడం వల్ల నేను నష్టపోయాను. న్యూట్రల్ దొరకడం లేదని చెప్పి ఒక షెడ్డులో బండి అప్పగిస్తే, పరీక్ష ఏదీ చేయకుండానే గేర్‌బాక్స్ విప్పి రెండు గేర్లు మార్చారు. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్న నాడే మళ్లీ అదే బాధ. తర్వాత వేరొక ఊళ్లో వయసు మళ్లిన మేస్త్రీ ఒకాయన బండిని చూసి, "బాబూ, ముందు వైరు చూశారా?" అని అడిగారు. లీవరు దగ్గర క్లచ్చు వైరు చివరి గుండును బయటికి లాగి చూపిస్తే, గుండు పక్కనే సగానికి పైగా పోగులు తెగి చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. నేను లీవరు నొక్కిన ప్రతిసారీ మిగిలిన నాలుగు పోగులు సాగుతున్నాయే కానీ క్లచ్చు పూర్తిగా తెరుచుకోవడం లేదు. కొత్త వైరు వేయడానికి అరగంట పట్టింది.

అందుకే క్లచ్చు విషయంలో ఇల్లే మేలని నేను గట్టిగా అంటాను. పని కష్టం కాదు, కావలసింది ఓపిక, ఆ ఓపిక రద్దీగా ఉండే షెడ్డులో దొరకడం అరుదు. వైరు బాగుంటే కుడివైపు గేర్‌బాక్స్ మీదున్న చిన్న మూత తీసి, క్లచ్చును తోసి తెరిచే పుష్ రాడ్డు సర్దుబాటు స్క్రూ చూడాలి. ముందు వైరును వదులు చేసి, స్క్రూ రాడ్డును తాకేదాకా తిప్పి, కొంచెం వెనక్కి తీసి, లాక్ నట్టు బిగించి, ఆ తర్వాతే లీవరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట (వదులు) ఉండేలా వైరు సర్దాలి. చాలామంది ఈ వరస తలకిందులు చేసి, అంతా వైరుతోనే సరిచేయాలని చూస్తారు.

అప్పటికీ తగ్గకపోతే ఎడమవైపు మూత తీయాలి. కింద వెడల్పైన పళ్లెం పెట్టి, అడ్డు వచ్చే ఫుట్‌రెస్టునూ బ్రేకు పెడలునూ తప్పించి, మధ్యలో ఉన్న ఒక్క నట్టు విప్పితే మూత వచ్చేస్తుంది. స్ప్రింగుల స్క్రూలు తీస్తే ముందున్న ప్లేట్లు బయటికి వస్తాయి. ఉక్కు ప్లేట్లను అద్దం మీద బోర్లించి వేలితో అంచులు నొక్కి చూడండి, టకటకమని ఊగితే అది వంకర పోయినట్టే, ఎంత శుభ్రం చేసినా ప్రయోజనం ఉండదు. బిగించేటప్పుడు మూత వేయకముందే లీవరు పట్టి, ప్లేట్లను నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటు చుట్టూతా సమానంగా లేస్తోందో లేదో కంటితో చూసుకోవాలి. షెడ్డులో ఎక్కువగా వదిలేసేది ఈ చివరి చూపునే. మూత మధ్య నట్టును బలమంతా పెట్టి బిగిస్తే ఆయిలు కారడం ఆగదు సరికదా, మూత వంగి ఇంకా ఎక్కువ కారుతుంది. రబ్బరు సీలు గాడిలో సరిగా కూర్చుంటే మామూలు బిగువు చాలు.

ఇంటి మరమ్మతుకు హద్దులూ ఉన్నాయి. క్లచ్చు డ్రమ్మును పూర్తిగా తీయడానికి దాన్ని షాఫ్టు నుంచి లాగే పుల్లరు అనే పనిముట్టు కావాలి, అది లేకుండా సుత్తితో కొట్టి తీయాలని చూడటం షాఫ్టును పాడుచేసుకోవడమే. పానాల సంగతి కూడా ఇంతే. పాత బుల్లెట్టులో చాలా నట్లు ఇంగ్లీషు కొలతలవి, మిల్లీమీటరు పానా కాస్త వదులుగానైనా పట్టిందని తిప్పితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. కొలతకు సరిపడే పానాలు కొనే ఉద్దేశం లేనివారికి నిస్సందేహంగా షెడ్డే మేలు.

రాచెట్ సర్దుబాటు దగ్గర రెండు దారులూ దాదాపు సమానం. కుడివైపు పై మూత తీస్తే పొడవాటి రంధ్రాలున్న చిన్న రేకు రెండు నట్లతో బిగించి కనిపిస్తుంది. దాన్ని వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపితే మధ్యలో జారిపోయే గేర్లు కుదురుకుంటాయి. నేనైతే మొదట మేకుతో రేకు అంచు వెంబడి సన్నటి గీత గీసుకుంటాను, ఎటు జరిపినా మొదటి చోటికి తిరిగి రాగలగాలి కదా. ఈ బండి అలవాటున్న మేస్త్రీ ఇదే పని పది నిమిషాల్లో చేస్తాడు, మనకు ఒక పూట పడుతుంది. ఆ పూట మీకుంటే ఇంట్లో చేసుకోండి, లేకపోతే ఆయన దగ్గరికి వెళ్లండి.

గేర్‌బాక్స్ లోపలి పని మాత్రం షెడ్డుకే వదలాలి, అదీ కుడి గేరు బళ్లు విప్పి చేయి తిరిగిన మేస్త్రీకే. తీసిన పాత సామాను ఇంటికి ఇవ్వమని ముందే అడగండి. అరిగిన పళ్ల మూలలు గుండ్రబడి, మెరుస్తూ కనిపిస్తాయి. పళ్లు పదునుగా ఉంటే ఎందుకు మార్చారని అడిగే హక్కు మీకుంది.

ఇక అయిదు గేర్ల పెట్టె. గేర్లు తేలిగ్గా పడతాయి, ఎడమకాలితో గేరు వేయడం నేర్చుకున్న పిల్లలకు బండి ఇవ్వడానికి భయముండదు, ఆ సౌకర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ దానితోపాటు బ్రేకు పెడలు కుడివైపుకు మారాలి, దాని లింకులు మారాలి, ఖర్చు మిగతా రెండు దారుల కంటే చాలా ఎక్కువ. అన్నిటినీ మించి, మడమతో ఒక్కసారి నొక్కితే పై మూడు గేర్లలో దేని నుంచైనా న్యూట్రల్‌కు తెచ్చే ఆ చిన్న లీవరు పోతుంది. క్లచ్చు సరిగా విడుస్తున్న పాత బుల్లెట్టు మీద ఆ లీవరు ఎంత నమ్మకంగా పనిచేస్తుందో చూసినవారు పెట్టె మార్చాలని అనుకోరు. వైరు మార్చిన రోజు సాయంత్రం నేను రైల్వే గేటు దగ్గర ఆగి మడమ ఆనించాను, మొదటిసారికే న్యూట్రల్ పడింది.