చిన్న ఓక్ పీపాలో పోర్ట్: విడివిడిగానా, నింపుకుంటూనా?

పోర్ట్ అంటే ద్రాక్ష స్పిరిట్ కలిపిన పోర్చుగల్ తియ్యటి వైన్; దాన్ని పీపాలో పాతబడనివ్వడానికి రెండు దారులు. ఏ ఏడాది పోర్ట్‌ను ఆ ఏడాది పీపాలోనే ఉంచి చివర్లో కలపడం ఒక పద్ధతి. ఒకే పీపాలోంచి కొంత తీసి, ఆ ఖాళీని కొత్త వైన్‌తో నింపుతూ పోవడం రెండోది.

పోర్చుగల్‌లో వాడే సుమారు 550 లీటర్ల పీపాతో పోలిస్తే 5 లీటర్లదాంట్లో ఒక్కో లీటరు వైన్‌కు చెక్క తగలడం దాదాపు ఐదు రెట్లు. కొత్త పీపా అయితే కొన్ని వారాలకే చెక్కవాసన ఎక్కేస్తుంది. ఆవిరై తగ్గేదీ ఎక్కువే. విడిగా ఉంచితే ప్రతి పీపాకూ ఈ టెన్షన్ తప్పదు. కానీ కలిపే పని మన చేతిలో ఉంటుంది: గ్లాసులో 90 మి.లీ. పాతది, 10 మి.లీ. కొత్తది పోసి చూడండి, ఆ కాస్త పండు రుచి ఎంత ప్రాణం పోస్తుందో!

రెండోదాంట్లో ఒక్కసారి పాడైన వైన్ పోస్తే పీపా మొత్తం పోయినట్టే. అయినా ఒకే పీపా ఉన్నవాళ్లకు నేను దాన్నే చెబుతాను, మూడో వంతుకు మించి తీయకుండా.