అన్నోస్ కౌంటింగ్ బుక్: సున్నా పేజీతో ఆరేళ్లు

ఈ పుస్తకం గురించి ఎవరడిగినా నేను ముందు సున్నా పేజీ సంగతే చెబుతాను. అంకెల బొమ్మల పుస్తకాలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. అన్నీ ఒకటితోనే మొదలవుతాయి. జపాన్ చిత్రకారుడు మిత్సుమాస అన్నో 1975లో తెచ్చిన ఈ పుస్తకం మాత్రం ఏమీ లేని చోట మొదలవుతుంది. తెరవగానే రెండు పేజీల నిండా మంచు, మధ్యలో ఏరు. ఇల్లు లేదు, చెట్టు లేదు, మనిషి జాడ లేదు. పేజీ తిప్పితే అదే చోట ఒక ఇల్లు, ఒక చెట్టు వచ్చి ఉంటాయి. అక్కడి నుంచి పన్నెండు దాకా ఊరు పెరుగుతూనే ఉంటుంది. బొమ్మల పేజీల్లో ఎక్కడా ఒక్క మాట కూడా ఉండదు.

ఆరేళ్ల క్రితం ఆబిడ్స్‌లో, ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోట దొరికింది. అప్పుడు మా అమ్మాయికి మూడేళ్లు. ఇంటికి తెచ్చిన రోజు రాత్రే మా అమ్మ ఒళ్లో కూర్చుని తెరిచింది. మా అమ్మ చూసి, "సున్నా పేజీకి సున్నం కొట్టినట్టుందే" అంది. పిల్ల చాలాసేపు చూసి, "అమ్మమ్మా, ఏరు ఉంది కదా, మరి సున్నా ఎలా అవుతుంది?" అని అడిగింది. నాకు జవాబు తట్టలేదు. మా అమ్మ మాత్రం తడుముకోకుండా, "ఏరు ఊరికంటే ముందే ఉంటుంది నాన్నా, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు" అంది. అన్నో బొమ్మల్లోకి రాకముందు ప్రాథమిక పాఠశాలలో టీచర్‌గా పనిచేశారని తర్వాత చదివాను. ఆ పేజీ అలా ఎందుకు ఉందో అప్పుడు అర్థమైంది. సున్నా అంటే ఏమిటో పిల్లలకు మాటల్లో చెప్పడం ఎంత కష్టమో చెప్పి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక మాటలు లేకపోవడం. దీనివల్ల మాకు జరిగిన మేలు నేను అసలు ఊహించనిది. మాటలు లేవు కాబట్టి మా అమ్మ తన మాటలతో చదివింది. వాళ్లది తెనాలి దగ్గర పల్లె. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, 'లాభం' అంటారు. ఆ అలవాటుతోనే ఒకటో పేజీ తెరిచి "లాభం" అనేది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారేది. ఇళ్లు రెండు, మనుషులు ఇద్దరు. ఇళ్లు మూడు, మనుషులు ముగ్గురు. స్కూల్లో వన్, టూ, త్రీ నేర్చుకుంటున్న పిల్లకి ఈ తేడా అప్పటిదాకా తెలియదు. "రెండు పిల్లలు ఆడుకుంటున్నారు" అనేది. ఈ పుస్తకంలో ప్రతి పేజీలోనూ చెట్లు, ఇళ్లు, మనుషులు అన్నీ అదే లెక్కలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఎవరూ పాఠం చెప్పకుండానే వారం పది రోజుల్లో పట్టేసింది. ఒకరోజు "ముగ్గురు చెట్లు" అంది. చెట్లకి అలా అనకూడదమ్మా అన్నాను. "అవీ నిలబడే ఉన్నాయిగా" అంది. నేను ఇంక దిద్దలేదు.

ఎనిమిదో పేజీ దగ్గర నాకే కొత్త విషయం తెలిసింది. నేను "ఎనిమిది మంది" అంటాను. మా అమ్మ "ఎనమండుగురు" అంది, తర్వాతి పేజీలో "తొమ్మండుగురు" అంది. చిన్నప్పుడు మా నాయనమ్మ నోట విన్న మాటలు. మళ్లీ ఇన్నేళ్లకు మా ఇంట్లో వినిపించాయి. పన్నెండో పేజీకి "పన్నిద్దరు". ఆళ్వార్ల పేరు చెప్పేటప్పుడు తప్ప ఆ మాట నేను వాడింది లేదు. ఇప్పుడు మా అమ్మాయి క్రికెట్ టీమ్‌ని లెక్కపెట్టి "పన్నిద్దరు, ఒకరు ఎక్కువయ్యారు" అంటుంది. నాకు ఈ పుస్తకం మీద ఇంత ప్రేమ ఉండడానికి అసలు కారణం ఇదే.

పేజీ పేజీకి నెల మారుతుందని, చర్చి గడియారంలో ముల్లు కూడా ఆ అంకె మీదకే వస్తుందని మేము చాలా ఆలస్యంగా గమనించాం. అది కనిపెట్టిన రోజు ఇంట్లో పండగే. పక్కన పేర్చిన రంగు దిమ్మెలు పది దాటాక రెండో వరస మొదలవుతుంది. పదకొండు అనే మాటలోనే పది ఉందని చూపించడానికి అంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు.

మొదట్లో కనిపించిన ప్రతి తల్లికీ "మాటలు లేవు, కళ్లు మూసుకుని కొనేయండి" అని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పడం మానేశాను. మా అమ్మ నాలుగు నెలలు ఊరెళ్లినప్పుడు ఈ పుస్తకం అల్మారాలోనే ఉండిపోయింది. నేను ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వస్తాను. అంత అలసటలో రాసి ఉన్న కథ ఉంటే చదివేయగలను, కానీ ఈ పుస్తకానికి నేనే మాటలు వెతుక్కోవాలి. కొన్ని రాత్రులు నా వల్ల కాలేదు. పిల్ల పేజీలు తిప్పి పక్కన పెట్టేసేది. బొమ్మలు కూడా చాలా చిన్నవి. పదో పేజీ తర్వాత ఏవి ఎక్కడున్నాయో వెతకడానికి వెలుతురూ ఓపికా రెండూ కావాలి. మా చిన్నోడికి రెండేళ్లప్పుడు చూపిస్తే అసలు కూర్చోలేదు.

వాడి వల్లే అసలు నష్టం జరిగింది. రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా వాడికి బాల్ పెన్ను దొరికింది. అన్ని పేజీలూ వదిలేసి సున్నా పేజీ మీదే గీశాడు. ఖాళీగా కనిపించింది అదొక్కటే కదా. ఏటి ఒడ్డున ఒక గుండ్రటి తల, దానికింద రెండు గీతలు. అక్క స్కూలు నుంచి వచ్చి చూసి, "ఇప్పుడిది సున్నా కాదు" అని వెక్కి వెక్కి ఏడ్చింది. పుస్తకం పాడైనందుకు కాదు, లెక్క తప్పినందుకు ఏడ్చింది. వైట్‌నర్ పూశాను. మంచు తెలుపు వేరు, వైట్‌నర్ తెలుపు వేరు. అక్కడొక మచ్చ తేలింది, కింద గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. నెల రోజులు ఆ పిల్ల పుస్తకం ముట్టుకోలేదు.

కాబట్టి కొనాలా వద్దా అంటే, మీ ఇంట్లో తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పే పెద్దవాళ్లుంటే, పిల్లలకి మూడేళ్లు దాటితే, కొనండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లయితే ఆదివారం పుస్తకం అనుకుని కొనండి. మంచు చూడని పిల్లలకు మొదటి పేజీ, చివరి పేజీ కాస్త విడమరచి చెప్పాల్సి వస్తుంది. మా అమ్మ ఉండబట్టి మాకు ఇంత ఇచ్చింది. ఆమె లేకపోతే నేను ఇదే మాట చెప్పేదాన్నో లేదో తెలియదు.

చిన్నోడికి ఇప్పుడు నాలుగేళ్లు. ఇప్పుడు కూర్చుంటున్నాడు. సున్నా పేజీ తెరవగానే ఆ వైట్‌నర్ మచ్చ మీద వేలు పెట్టి, "ఇది నేను" అంటాడు. వాళ్లక్క పక్క నుంచి "ఎన్ని?" అని అడుగుతుంది. "ఒకరు" అంటాడు.