ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అక్షరాల నీడ: లైటుతోనా, నకలు లేయరుతోనా?

అడోబీ వీడియో ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అక్షరాలకు నీడ వేయడానికి ఇక్కడ రెండు దారులు చూద్దాం. మొదటిది లైటు. క్లాసిక్ త్రీడీ (త్రీడీ లేయర్లను చిత్రంగా మార్చే రెండరర్‌లలో ఒకటి)లో లైటు పెట్టినా అక్షరాల నీడ పడలేదా? ముందు టెక్స్ట్ లేయరు ఎంచుకుని ‘ఎ’ (A) కీని వెంటవెంటనే రెండుసార్లు నొక్కండి. అప్పుడు కనిపించే మెటీరియల్ ఆప్షన్స్‌లో ‘కాస్ట్స్ షాడోస్’ (నీడ వేయడం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. లైటులోనూ అది ఆన్ కావాలి. యాంబియంట్ లైటు (దృశ్యమంతా సమానంగా పరుచుకునే లైటు) నీడే వేయదు. అన్నీ సరిగ్గా ఉన్నా నీడ రాకపోతే లేయర్ల వరుస చూడండి: రెండు త్రీడీ లేయర్ల మధ్య ఒక్క టూడీ లేయరు దూరినా పైవాటి నీడ కిందివాటిపై పడదు. చాలామందిని గంటలకొద్దీ తిప్పలు పెట్టేది ఇదే.

రెండో దారి, అక్షరాలను నకలు తీసి, నల్లరంగు నింపి, బ్లర్ చేసి వెనక పెట్టడం.

శ్రమ: లైటుకు మొదట్లోనే, నకలుకు అక్షరం కదిలినప్పుడల్లా.
రెండర్ (తుది వీడియో తయారీ) సమయం: లైటు నీడను మెత్తబరిస్తే పెరుగుతుంది; నకలుకు తక్కువ.
ప్రమాదం: లైటు నీడ అంచులు గరుకుగా రావచ్చు, షాడో మ్యాప్ రిజల్యూషన్ (నీడ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే సెట్టింగ్) పెంచాలి. నకలు నీడ కెమెరా తిరగగానే దొరికిపోతుంది.

కెమెరా అక్షరాల చుట్టూ తిరిగే టైటిల్‌కు లైటే వాడండి, ఎంత ఆలస్యమైనా సరే. కదలని కెమెరా, దగ్గరపడిన గడువు అయితే నకలు చాలు.