పాత గ్రామఫోన్ ప్లేట్లు ‘ఒక్కరోజులో’ ఎక్కించి ఇస్తామంటే ఇవ్వకండి

నాన్న పోయాక తెనాలి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రేకుపెట్టెలో 43 రికార్డులు దొరికాయి. 31 పాత 78 ఆర్‌పీఎం ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి), 12 ఎల్పీలు (ఎక్కువసేపు పాడే ప్లేట్లు). నాటకం పద్యాలు, హరికథలు, కాసిని సినిమా పాటలు. అమ్మ వింటుంది, పిల్లలకీ మిగులుతాయి కదా అని డిజిటల్ చేయిద్దామనుకున్నాను. ఫేస్‌బుక్‌లో ప్రకటన చూసి హైదరాబాద్‌లో ఒక షాపుకి వెళ్ళి, ప్లేటుకి 150 చొప్పున 6,450 రూపాయలు ముందే కట్టి, శనివారం సాయంత్రం పెట్టె అప్పగించాను. ఆదివారం అయిదింటికే ‘రెడీ సార్’ అని మెసేజ్ వచ్చింది. అనుమానం రాకపోగా సంబరపడ్డాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

మీరు నాలా చెయ్యకుండా ముందే లెక్క వేసుకోండి. 78 ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాలు. 31 ప్లేట్లకి మూడు గంటలు దాటుతుంది. ఎల్పీ రెండు వైపులా కలిపి నలభై నిమిషాలు అనుకుంటే 12కి ఎనిమిది గంటలు. కడగడం, సూది మార్చడం, సరిగ్గా వచ్చిందో లేదో వినడం ఏమీ లేకుండానే పదకొండు గంటలు. ప్లేటు తిరగాల్సినంతసేపు తిరగాల్సిందే, దానికి దొడ్డిదారి లేదు. ఒక్కరోజులో ఇచ్చాడంటే దేన్నో ఎగ్గొట్టినట్టే. ఆ షాపువాడు అన్నీ ఎగ్గొట్టాడు.

పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే 43 రికార్డులూ కలిపి 640 ఎంబీ. అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీత్రీలు, అంటే సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత తీసేసి కుదించిన ఫైళ్ళు. దాచుకోవడానికి చేసేవాళ్ళు ఏమీ కుదించకుండా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్ళు చేస్తారు. ఆ లెక్కన ఒక్క ఎల్పీకే 1.4 జీబీ దాకా అవుతుంది. ఇదేమిటని ఫోన్ చేస్తే, ‘వేవ్ కావాలా సార్, పంపిస్తా’ అన్నాడు. పావుగంటలో లింకు వచ్చింది. పదకొండు గంటల పాటలు పావుగంటలో! ఆ ఎంపీత్రీలనే వేవ్‌గా మార్చి పంపాడన్నమాట. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఎల్పీ ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి శబ్దం ఎంతుందో చూపే బొమ్మ; సన్నటి శబ్దాలు పైన ఉంటాయి) చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిపెట్టి కోసినట్టు పైనంతా ఖాళీగా ఉంటే అది ఎంపీత్రీ లాంటి కుదించిన ఫైల్లోంచి వచ్చినట్టే లెక్క. చెరుకుపిప్పిని ఎంత పెద్ద గ్లాసులో వేసినా రసం అవదు.

అసలు దొంగతనం పట్టుకున్నది మాత్రం అమ్మ. రాయబారం పద్యాల ఎల్పీ వినిపిస్తే కాసేపు తలూపింది. మూడో పద్యంలో రాగం తీసేచోట ఆగి, ‘ఇది మన ప్లేటు కాదురా. ఆ టక్కు ఏదీ?’ అంది. నాకు ఏడేళ్ళప్పుడు ప్లేయరు చెయ్యి జారవిడిస్తే అక్కడ గీత పడింది. ముప్పయ్యేళ్ళుగా మా ఇంట్లో ఆ రాగం మధ్యలో ‘టక్కు’మంటుంది. ఫైల్లో లేదు. నాయిస్ తీసేశాడేమో అని ప్లేయరు అరువు తెచ్చి పక్కపక్కన పెట్టి విన్నాం. మా ప్లేటులో ఆ పద్యం తరవాత చప్పట్లు ఉంటాయి, ఫైల్లో చప్పట్లూ లేవు. ఇంటర్నెట్‌లో అదే పాత్రధారి పాడిన వేరే రికార్డింగు ఎక్కడో దొరికితే దించి మాకు అంటగట్టాడు. 12 ఎల్పీల్లో ఏడింటికి ఇదే పని.

ఇంతవరకూ పోయింది డబ్బే. 78ల దగ్గర పోయింది వేరు. అవి ఎల్పీల్లా వినైల్ ప్లాస్టిక్ కాదు, లక్కతో చేసినవి. వడ్రంగి స్పిరిట్‌లో లక్క కరిగించి చెక్కకి పాలిష్ వెయ్యడం చూసే ఉంటారు. స్పిరిట్‌కి లక్క కరుగుతుంది. మావాడు దుమ్ము పోవాలని ఆ స్పిరిట్‌తోనే ఆరు ప్లేట్లు తుడిచాడు. నల్లగా అద్దంలా ఉండే ప్లేటు మీద బూడిదరంగు మరకలు, గుడ్డ తిప్పిన చారలు అలాగే ఉన్నాయి. కలకత్తా పక్కన దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన హరికథ ప్లేటు ఒకటి అందులో ఉంది. ఇప్పుడు దాని మీద సూది పెడితే మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు ఉంది.

మిగతా పాతిక బతికాయి గానీ ఫైళ్ళు పనికిరావు. 78 గాడి వెడల్పు ఎక్కువ, దానికి మూడు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది కావాలి. ఎల్పీ సూది ఒక థౌ, ఇంకా సన్నగా కూడా ఉంటుంది. మావాడు 78లకీ ఆ సన్నసూదే పెట్టాడు, అది గాడి అడుగుకి దిగి అక్కడి మట్టిని గీకింది. ఆ గరగర పోవడానికి కంప్యూటర్లో నాయిస్ రిడక్షన్ గట్టిగా పెట్టాడు. దాంతో రాగం చివర సన్నగా సాగే గొంతు కూడా తుడుచుకుపోయింది. భాగవతార్ నీళ్ళ తొట్టిలో కూర్చుని పాడుతున్నట్టుంది.

అడిగితే, ‘పాత ప్లేట్లు అలాగే ఉంటాయి సార్’ అన్నాడు. డబ్బు వెనక్కివ్వలేదు. రసీదు లేదు, అది నా తప్పే.

మీరు ఇవ్వబోయే ముందు 78లకి ఏ సూది వాడతారు, దేంతో కడుగుతారు అని అడగండి. 78 అయితే డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్, లేబుల్ తడవకుండా. స్పిరిట్ మాట వస్తే పెట్టె ఎత్తుకుని వచ్చెయ్యండి. నాయిస్ తియ్యని ముడి ఫైలు కూడా ఇవ్వాలని ముందే కాగితం మీద రాయించుకోండి. శుభ్రం చేసిన కాపీ ఎప్పుడైనా చేసుకోవచ్చు, ముడిది పోతే మళ్ళీ ప్లేటు అరగదియ్యాలి. పెట్టె మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు, ఒక్క ప్లేటు ఇచ్చి చూడండి. దానికి ముందు ప్రతి ప్లేటుకీ రెండు వైపులా ఫొటో తియ్యండి. నా దగ్గర ఫొటోలు లేవు, అందుకే ‘మీరిచ్చినప్పుడే మరకలున్నాయి’ అని వాడన్నా నోరెత్తలేకపోయాను.

ఇప్పుడు ఇంకొకాయన దగ్గర చేయిస్తున్నాను. రేటు మూడింతలు, వారానికి నాలుగు ప్లేట్లకి మించి తీసుకోడు. రాయబారం ఎల్పీ గురించి ఫోన్ చేశాడు. ‘ఆ టక్కు తీసెయ్యనా, ఉంచనా?’ అని. ముడి ఫైల్లో ఎలాగూ ఉంటుంది, శుభ్రం చేసిన కాపీలో కూడా ఉంచమని అమ్మ చెప్పింది. ఇంకా 19 ప్లేట్లు ఉన్నాయి. ఆ మరకలు పడ్డ ఆరూ ఆయనకి ఇంకా చూపించలేదు.