తొలి నాగరికత పాఠం: పాశ్చాత్యుల లెక్క, చైనా లెక్క

అమెరికా బడుల్లో నాగరికత పాఠం ఎక్కువగా మెసొపొటేమియాతోనే (నేటి ఇరాక్ ప్రాంతం) మొదలవుతుంది. ఉరుక్ నగరం, మట్టిపలకలు, క్యూనిఫామ్ లిపి. పురావస్తు శాస్త్రవేత్త గార్డన్ చైల్డ్ తొలి నగరాలకు 1950లో చెప్పిన పది లక్షణాల ప్రభావం ఇందులో బాగా ఉంది. వాటిలో రాత ఒకటి.

చైనా పిల్లలు "ఐదు వేల ఏళ్ల నాగరికత" అనే మాట వింటూ పెరుగుతారు. చిక్కల్లా, అక్కడి తొలి స్పష్టమైన రాత క్రీ.పూ. 1250 ప్రాంతానిది. ఆన్‌యాంగ్‌లో ఎద్దు ఎముకల మీద, తాబేటి చిప్పల మీద చెక్కినది. అందుకే అక్కడి పండితులు రాత, లోహం లేకున్నా నగరం, వర్గభేదం, రాజ్యం కనిపిస్తే చాలంటారు. హాంగ్‌జౌ దగ్గరి లియాంగ్‌జునే చూడండి. క్రీ.పూ. 3300-2300 నాటి కోటగోడల నగరం, వరదను ఆపే మట్టి ఆనకట్టలు, పెద్దవాళ్ల సమాధుల్లో గుట్టలుగా జేడ్ అనే విలువైన రాతి వస్తువులు. యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ నేను చైనా వైపే. ఇంత పని చేయించిన వ్యవస్థను రాత లేదని పక్కన పెట్టడం అన్యాయం. దక్షిణ అమెరికాలోని ఇంకాలు ముడుల తాళ్లతోనే సామ్రాజ్యం లెక్కలు నడిపారు కదా!

షియా వంశం దగ్గర మాత్రం ఒప్పుకోలేను. చైనా పాఠ్యపుస్తకాలు దాన్ని క్రీ.పూ. 2070 ప్రాంతంలో మొదలైన తొలి రాజవంశంగా చెబుతాయి. ఆ కాలపు నగరం బయటపడ్డ ఎర్లిటౌలో రాజభవనాల పునాదులు, కంచు పాత్రలు దొరికాయి గానీ "షియా" అని రాసిన ఆధారం దొరకలేదు. ఇక్కడ రాసిన ఆధారం కావాలనే బయటి పండితుల పట్టుదలే సరైనది. షియా తర్వాతిదిగా చెప్పే షాంగ్ వంశపు రాజుల మీద సందేహాలు కూడా ఆన్‌యాంగ్ ఎముకల మీద వాళ్ల పేర్లు చదివాకే తీరాయి.